గాయం కాని రెండేళ్లు

న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వెళ్లే రైల్లో నా పక్కన ఒక ఫ్రెంచ్ ఆవిడ కూర్చుంది. నా ఈడే, డెబ్భై ఆరు. ఆవిడ ఒళ్లో, వాళ్ల నాన్న ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బు ఈమధ్య అచ్చు వేసిన పుస్తకం ఉంది. పందొమ్మిది వందల యాభైలలో ఆయన డిఫెండరట. ఏ ఏడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో పట్టిక చూపించింది. పట్టిక కనిపిస్తే నేను వరస సరిచూడకుండా ఉండలేను.

"ఈ రెండేళ్లకీ సున్నాలేమిటండీ?" అని ఇంగ్లీషులో అడిగాను.

"గాయమని రాశారు. అబద్ధం. నాన్నని అడక్కుండా వేరే క్లబ్బుకి అమ్మేశారు. వెళ్లనన్నాడు. దాంతో ఆడనివ్వలేదు. ఆ రెండేళ్లూ బొగ్గు బస్తాలు మోశాడు."

"ఇష్టమైన క్లబ్బులో చేరకపోయారా?"

"అప్పట్లో ముప్ఫై అయిదేళ్లు వచ్చేదాకా ఆటగాడు క్లబ్బు సొత్తు, మేడమ్."

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో పాలేరుకైనా ఏడాది తిరిగితే ఇంకో కామందును చూసుకునే వీలుండేది. అది చాలక, ఇప్పుడు గాయమని అచ్చు వేస్తారా?

"పోనీలెండి. నాన్నా లేడు, అప్పటి క్లబ్బువాళ్లూ లేరు," అంది ఆవిడ.

"అచ్చు వేసినవాళ్లు ఉన్నారుగా!" నా గొంతుకి ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. చూడనీ. సంచిలోంచి పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "దిద్దండి."

"పుస్తకంలోనా?" అని జంకింది.

"తప్పు ఉన్నది అందులోనేగా?"

ఆవిడ గాయమన్న మాట కొట్టేసి, పైన ఏదో రాసింది. నాకు ఫ్రెంచ్ రాదు.

"బొగ్గు మోశాడనా?" అని అడిగాను.

"కాదు. వెళ్లనన్నాడని."