అడుగున చుట్టాలు

సముద్ర పరిశోధన సంస్థలో డైరెక్టరు మొదలుకొని ఊడ్చే మనిషి దాకా అందరూ ఆమెను చూపులక్క అనే పిలిచేవారు. ఆమె ఉద్యోగం చూడటం. నవ్వకండి, దానికే జీతం. ఓడవాళ్లు నడిసముద్రంలో ఒక ఇనుప చట్రాన్ని వదులుతారు. దానికి ఒక కెమెరా, ఒక దీపం, ముందు కమ్మీకి కట్టిన చచ్చిన చేప ఉంటాయి. మైళ్ల లోతున, ఎండ మొహం ఎరగని బురద పైన అది వెళ్లి నిలుస్తుంది. ఆ ఎరకోసం ఎవరెవరు వస్తారో కెమెరా తీస్తుంది. చూపులక్క కిటికీ లేని గదిలో కూర్చుని ఆ వీడియోను మొదటినుంచి చివరిదాకా చూసి, వచ్చినవాటి పేర్లు మైకులో చెప్పాలి. గంటల తరబడి ఉత్త బురదే. రెప్ప వాలిస్తే ఆ కాస్తలోనే ఏదో వచ్చి పోతుంది. ఆ కుర్చీలో ఆమెకు ముందు ఎవరూ నిలవలేదు. ఈవిడకు మాత్రం జుట్టు నెరవడం కూడా ఆ కుర్చీలోనే మొదలైంది.

తమ్ముణ్ణి ఆ ఓడ పనిలో పెట్టించింది ఆమే. వాడికి చిన్నప్పటినుంచీ కాలు ఒకచోట నిలవదు, అందుకే ఇంటాబయటా బొంగరం అనేవారు. ఎర కట్టడం వాడి పని. ఒడ్డుకొచ్చినప్పుడల్లా అక్క గదిలో దూరి, తను కట్టిన ఎర దగ్గరకు ఎవరొచ్చారో చూసేదాకా కదిలేవాడు కాదు. ఆ జంతువులకు శాస్త్రంలో నోరు తిరగని పేర్లున్నాయి. వాడికవి నచ్చలేదు. పెద్ద కళ్లూ పొడుగాటి తోకా ఉన్న చేప అందరికంటే ముందు వస్తుంది కాబట్టి దానికి 'పెద్దమ్మ' అని పెట్టాడు. ఎవరింట్లో పొయ్యి వెలిగినా వాసన పట్టే పెద్దమ్మ ఒకావిడ నిజంగానే ఉంది వాళ్లకి. రొయ్యల్లాంటి చిన్న పురుగులు మందలుగా దిగుతాయి, అవి 'పిల్లలు'. మెల్లగా వచ్చి, దొరికినదాన్ని వాటేసుకుని ఇక వదలని ఆక్టోపస్ 'మావయ్య'.

"నా తమ్ముడు నీకు ఎనిమిది చేతుల జంతువులా కనిపిస్తున్నాడట్రా?" అని అమ్మ గరిటె ఎత్తేది.

"మరి మావయ్య కావలించుకుంటే ఎప్పుడైనా ఊపిరాడిందా అమ్మా?" అనేవాడు.

అమ్మ కోపం అక్కడితో సరి. వాడు ఇంట్లో ఉన్నన్నాళ్లూ భోజనాల దగ్గర ఆ సముద్రపు చుట్టాల కబుర్లే. చూపులక్క మైకులో కూడా పలుమార్లు నోరుజారి 'పెద్దమ్మ వచ్చింది' అనేసేది.

చివరిసారి వాడు ఓడెక్కే ముందు ఆమె వేళాకోళం చేసింది. "పోయినసారి నీ ఎర ముడి ఊడిపోయింది రా. చుట్టాలు పాపం ఖాళీ కంచం చూసుకుని వెళ్లిపోయారు." వాడి మొహం చిన్నబోయింది. అంత చిన్న మాట, ఎందుకన్నానా అని ఆమె తర్వాత తల బాదుకోని రోజు లేదు.

ఓడ మీద ఒక కట్టుబాటుంది. చట్రం కింద తాడుతో ఒక ఇనుప బరువు వేలాడుతుంది, చట్రాన్ని అడుక్కి లాక్కెళ్లేది అదే. చట్రాన్ని పట్టుకున్న కొక్కెం విడిచే ముందు మేస్త్రీ "చేతులు!" అని కేకేస్తాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా రెండు చేతులూ పైకెత్తి చూపించాలి. బొంగరం మాత్రం ఎప్పుడూ ఒక్క చెయ్యే ఎత్తేవాడు. రెండోది ఇంకా ఏదో సర్దుతూ ఉండేది. మేస్త్రీ తిట్టీ తిట్టీ విసిగిపోయి, ఆ ఒక్క చేతికే అలవాటుపడ్డాడు. ఆ రోజు రెండో చెయ్యి ఎర ముడిని మరొకసారి బిగిస్తోంది. బరువు తాడు మెలికపడి ఆ చేతిమీదే ఉంది. కొక్కెం విడిచింది. వాడి గొంతు కూడా ఎవరికీ వినపడలేదు.

పైకి లాగడానికి చట్రానికి తీగంటూ ఉండదు. ఓడమీద మీట నొక్కితే ఆ సంకేతం అంది, అది బరువును అడుగునే వదిలేసి, తనకున్న బోలు గాజు బుడ్ల బలంతో తేలి వస్తుంది. వాడు బరువు తాడుకు చుట్టుకుని, దానితోపాటే అడుక్కి వెళ్లాడు. అంటే మీట నొక్కినవాడు వాణ్ణి అక్కడే వదిలినట్టు. ఒక్కరికీ చెయ్యి రాలేదు. తెల్లారాక మేస్త్రీ ఏడుస్తూ నొక్కాడు. చట్రం వచ్చింది. కెమెరా పనిచేస్తూనే ఉంది.

డైరెక్టరు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆ వీడియో చెరిపేయిస్తానమ్మా. ఎవరూ చూడక్కర్లేదు" అన్నాడు. చూపులక్క తలూపింది. ఆయనకి వెయ్యి దండాలు పెట్టాలనిపించింది ఆమెకు.

అమ్మ మాత్రం కంచం ముట్టలేదు. మొదట శవం తేలుతుందని ఎదురుచూసింది. అంత లోతున, ఆ చలిలో తేలదని చూపులక్కే చెప్పాల్సి వచ్చింది. ఇంకెవరు చెబుతారు? అప్పటినుంచి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మంచినీళ్లు కూడా గుటకేస్తే వేసినట్టు. డాక్టరు వచ్చి, ఇలాగైతే మనిషి దక్కదని మొహంమీదే అన్నాడు.

"ఒక్క ముద్ద తినమ్మా. నువ్వు కూడా పోతే నాకెవరున్నారే?" అని చూపులక్క కాళ్లావేళ్లా పడింది.

అమ్మ ఇటు తిరిగింది. "అంత చీకట్లో వాడొక్కడే ఉన్నాడటే?"

"నాకేం తెలుసమ్మా."

"నీకు తెలియకపోవడమేమిటి? రోజూ ఊరూపేరూ లేని చేపల్ని చూస్తావు కదా. నీ తమ్ముణ్ణి చూడలేవా?"

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి అడగాల్సిన మాటేనా ఇది? చేతిలో కంచం విసిరికొట్టి బయటికి వచ్చేసింది. వచ్చి, సందు చివరి దాకా నడిచి, అక్కడ చెప్పుల్లేని తన కాళ్లు చూసుకుని ఆగింది. అమ్మ అడిగిందాంట్లో తప్పేముంది? చూడటమే కదా ఈవిడకు వచ్చిన ఒకే ఒక్క పని.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఇంకా చెరిపేయని ఆ వీడియో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. డైరెక్టరు వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి తలుపు బయట స్టూలేసుకుని కూర్చున్నాడు. ఆమె అలవాటుగా మైకు దగ్గరకు లాక్కుంది.

లేచిన బురద సర్దుకున్నాక వాడు కనిపించాడు. చారల చొక్కా. మొహం పక్కకి తిరిగి ఉంది. తాడున్న చెయ్యి కొంచెం పైకి లేచి ఉంది, "చేతులు!" అన్న కేక ఇప్పుడు వినిపించినట్టు. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. దీపం వెలుగు పడినంత మేర బురద, మధ్యలో వాడు. ఆ వెలుగు అవతల లోకమంతా నలుపు. అలా చూస్తూ చూస్తూ, ఎవరైనా రండి, తొందరగా రండి అని మనసులో తనే పిలుస్తోందని ఆమెకు తెలిసొచ్చింది. ఛీ, నేను మనిషినేనా అనుకుంది. అయినా పిలవడం మానలేకపోయింది.

పెద్దమ్మ వచ్చింది. వాడి జుట్టు దగ్గర ఒకసారి తిరిగి, పోయి, మళ్లీ వచ్చింది. చూపులక్క మైకులో చెప్పింది. తర్వాత పిల్లలు దిగారు, ఇసుక పోసినట్టు. అవి మొహంమీదికి వచ్చేసరికి ఆమె మైకు పక్కకు తోసింది. వీడియోను మాత్రం ఆపలేదు. ఎప్పటికో చీకట్లోంచి మావయ్య వచ్చాడు. ఒక చెయ్యి వాడి అరచేతిలో వేసి, మిగిలినవి ముడుచుకుని పక్కన చతికిలబడ్డాడు. చట్రం పైకి లేచి, వాడు చిన్నవాడై, చిన్నవాడై, చీకట్లో కలిసిపోయేదాకా మావయ్య అక్కడే ఉన్నాడు.

సాయంత్రం ఆమె అన్నం కలిపిన కంచం తెచ్చి మంచం పక్కన కూర్చుంది. అమ్మ కూతురి కళ్లు చూసి లేచి కూర్చుంది.

"చూశావా?"

"చూశానమ్మా."

"పెద్దమ్మ వచ్చిందా?"

"వచ్చింది. అందరికంటే ముందు తనే."

"పిల్లలు?"

"బోలెడుమంది."

"మావయ్యో?"

"వచ్చాడమ్మా. వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నేను చూసినంతసేపూ లేవలేదు."

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆ పని ఏమిటో, ఎర ఎందుకు కడతారో అమ్మకు తెలియంది కాదు. తర్వాత మెల్లగా అడిగింది.

"తిన్నారా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ గదిలో కూర్చున్న ఇన్నేళ్లలో ఆమె చూడనిది చూశానని ఎప్పుడూ చెప్పలేదు, చూసింది చూడలేదని కూడా చెప్పలేదు.

"తిన్నారమ్మా" అంది.

అమ్మ కొంగు వదిలేసింది. "వాడంతే. వచ్చినవాళ్లను వట్టి కడుపుతో ఎప్పుడు పంపాడు కనక" అంది. కంచం తన ఒళ్లోకి లాక్కుంది. ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే కూర్చుంది. చూపులక్క మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, అది దిగేదాకా చూస్తూ ఉంది.