ఒలికిన పాలు, కదలని కోడలు

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు నా చేతిలోంచి జారి బల్లమీద పడింది. ఈమధ్య వేళ్లు నా మాట వినడం లేదు. ఎదురుగా కూర్చున్న మా కోడలు లేవలేదు సరికదా, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, "అయ్యో, కాఫీ ఒలికిందే! ఇప్పుడేం చేద్దాం అత్తయ్యా?" అంది. ఊరినుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా ఆడపడుచు నోరు తెరుచుకుని ఆమెవంకా నావంకా చూసింది. నేను నవ్వుకుంటూ లేచి గుడ్డ తెచ్చుకున్నాను. కాఫీ పోయినందుకు బాధే అనుకోండి, ఈ పరాయి దేశంలో ఫిల్టరు పొడి తేరగా రాదు. అయినా నవ్వొచ్చింది.

ఆ నవ్వు వెనక చాలా ఏళ్ల కిందటి సంగతి ఉంది. కంప్యూటరు చదువులకు ఎక్కడలేని గిరాకీ వచ్చిన రోజులవి. మా అబ్బాయిని ఈ దేశంలో, తంజోంగ్ పగార్ అనేచోట ఒక ఆఫీసువాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. వాడు హౌగాంగ్ అనే పేటలో ఫ్లాటు తీసుకుని భార్యనీ కూతుర్నీ నన్నూ రప్పించాడు. వాడి చదువును ఎవరూ మళ్లీ పరీక్షించలేదు. కోడలి సంగతి అలా కాదు. తెనాలిలో నర్సరీ పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. ఎంత మొండి పిల్లయినా ఆమె చంకనెక్కితే ఏడుపు మానేది. ఇక్కడి చైల్డ్‌కేర్ సెంటర్లో ఆమెను సహాయకురాలిగా తీసుకున్నారు. టీచరు కావాలంటే మాత్రం పరీక్షించే ఆవిడొకరు వచ్చి, ఆమె పిల్లలతో ఎలా మెలుగుతుందో ఓ మూల కూర్చుని చూసి, సరేననాలట. నా చదువు పలకతోనే ఆగిపోయింది కాబట్టి పరీక్షలంటే నాకు భయమూ లేదు, గౌరవమూ లేదు. పిల్లల్ని చూసుకోవడానికి పరీక్షేమిటని మూతి తిప్పాను. కోడలు ఆ పరీక్ష తప్పింది.

ఏం చేసిందయ్యా అంటే, పిల్లలకు బూట్లు తొడిగిందట, మూతులు తుడిచిందట, చెంచాలు పక్కన పెట్టేసి అన్నం కలిపి ముద్దలు పెట్టిందట. మన దగ్గర అలాంటి టీచరమ్మను తల్లులు నెత్తిన పెట్టుకుంటారు. "అన్నీ నువ్వే చేసేస్తే వాళ్ల చేతులకు పనులెప్పుడొస్తాయి?" అని అడిగిందట పరీక్షించినావిడ. నాకు ఆ మాట నచ్చింది గానీ పైకి అనలేదు. ఇంకొక్కసారి వచ్చి చూస్తామన్నారు. అప్పుడూ తప్పితే ఆమె ఎప్పటికీ సహాయకురాలే, సొంత తరగతి ఉండదు.

"నాకొచ్చిన పని అదొక్కటే అత్తయ్యా," అని వంటింట్లో కళ్లొత్తుకుంది.

"ఏడిస్తే వస్తుందా? పీట వేసుకుని కూర్చో. నన్నే నాలుగేళ్ల పిల్లననుకో," అన్నాను.

పాలు పారబోయడానికి నాకు చేతులు రావు. అందుకని బియ్యం కడిగిన నీళ్లు తెచ్చుకున్నాను. చూడ్డానికి పాలలాగే ఉంటాయి. ఎలాగూ ఇల్లు తుడిచే వేళే, గుడ్డా సిద్ధంగానే ఉంది. నేను గ్లాసు తన్నేయడం, ఆమె గభాలున లేవడం. నేను మళ్లీ ఒలకబోయడం, ఆమె మళ్లీ లేవడం.

"మీరు నేల తుడుస్తుంటే నేను పీటమీద కూర్చోవడమేంటండీ! మా అమ్మ చూస్తే చంపేస్తుంది."

"మీ అమ్మ తెనాల్లో ఉంది. చేతులు తొడల కింద పెట్టుకో, ఎలా లేస్తావో చూస్తాను."

మా ఫ్లాటు తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది, గ్రిల్లు గేటు ఒక్కటే వేస్తాం. దారిన పోయే పక్కింటి తమిళావిడ అందులోంచి చూసింది. ఇంకేముంది, ఆంధ్రా పాట్టిని, అంటే ఈ నానమ్మని, కోడలు కాల్చుకు తింటోందని అంతస్తంతా పాకిపోయింది. ఓ సాయంత్రం అబ్బాయి ఆఫీసునుంచి తొందరగా వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"అమ్మా! నువ్వు తుడవడమేంటి? ఏమే, నీకు కళ్లు కనబడట్లేదా?"

"డాడీ, డిస్టర్బ్ చెయ్యొద్దు లా! నానమ్మ స్టూడెంట్. వెరీ నాటీ స్టూడెంట్!" అని ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి మనవరాలు వాణ్ని బయటికి నెట్టింది.

రెండోసారి పరీక్షనాడు, పిల్లలన్నాక ఊరుకుంటారా, ఒక చీనా పాప పాలకప్పు పడేసింది. కోడలి చేతులు వాటంతటవే తొడల కిందికి పోయాయట. ఇప్పుడేం చేద్దామని అడిగిందట. పాప పెదవి వణికింది. "లేచి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోయిందత్తయ్యా," అని ఇంటికొచ్చి చెప్పింది. లేవలేదు. పాప కాసేపు పాలవంకా ఈమెవంకా చూసి, తనే వెళ్లి గుడ్డ తెచ్చి, నేలకంటే తన గౌనుకే ఎక్కువ పూసుకుని, చివరికి తుడిచేసి కిలకిలా నవ్విందట. చేతులమీద ఎందుకు కూర్చున్నావని పరీక్షించినావిడ అడిగితే, "లేస్తే మా అత్తయ్య తిడతారు," అందట మా పిచ్చిది. నెగ్గింది. ఆ సాయంత్రం అసలైన పాలతోనే పాయసం చేశాను. పొదుపుకైనా ఒక హద్దుండాలి.

ఇప్పుడు ఆ సెంటర్లో కొత్తగా వచ్చే టీచర్లకు మా కోడలే పని నేర్పుతుంది. ఆమె జుట్టూ నెరిసింది. బల్ల తుడవడానికి నాకు ఇదివరకటికంటే చాలాసేపు పడుతోంది. ఆ సేపంతా ఆమె చేతులమీద కూర్చునే ఉంటుంది. మా ఆడపడుచుకు అది పొగరులా కనిపించి ఉంటుంది. నన్నడగకుండా లేచి కోడలే తుడిచేసిన రోజున, నాకు ముసలితనం వచ్చేసిందని తెలుసుకుంటాను. ఆ రోజు ఇవాళ కాదు.