సదాశివరావన్న రాక్ పాట

సదాశివరావన్నకు ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటివాడి ఫోను లాక్కుని, అందులో తన పాట పెట్టి, అది అయ్యేదాకా తిరిగి ఇవ్వడు.

ఆ పాట పేరు ‘ఎక్కడికని అడగకు’. కాకినాడలో ఆయనతో ఇంజనీరింగ్ చదివిన నలుగురు కలిసి చేసిన రాక్ పాట. ఇంట్లో చెప్పకుండా బండెక్కి వెళ్ళిపోయే కుర్రాడి గోల. మా తరం స్వేచ్ఛంతా అందులోనే ఉందనీ, దాన్ని ఎవరూ పట్టించుకోలేదనీ అన్నకు బాధ. స్వేచ్ఛ కోసం అంత గొంతు చించుకున్న ఆ నలుగురూ ఇప్పుడు గుర్గావ్ కంపెనీల్లో ఒక్కరోజు సెలవు అడగడానికి వణుకుతున్నారు. అన్న మాత్రం సివిల్స్ అటెంప్టులన్నీ అయిపోయినా ఢిల్లీలో ఈ ఓల్డ్ రాజిందర్ నగర్ వదలకుండా, కోచింగ్ సెంటర్లో జవాబు పత్రాలు దిద్దుతూ, ఆ పాటకు ప్రచారం చేస్తున్నాడు.

ఇక్కడ కొత్తగా గది తీసుకున్న తెలుగువాడు ముందు ఆ పాట డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. టీ కొట్టు భయ్యా కూడా తప్పించుకోలేదు. తెలుగు ముక్క రాని ఆయన “అచ్ఛా హై” అని ఊరుకుంటే, చరణం చరణానికీ హిందీలో అర్థం చెప్పాడు. ఈలోగా మా టీలు చల్లారిపోయాయి.

మొన్న సాయంత్రం సివిల్స్ ఫలితాలొచ్చాయి. నాకిది ఆఖరి అటెంప్టు. పీడీఎఫ్‌లో నా నంబరు వెతికాను. లేదు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. అప్పుడూ లేదు. మా నాన్న ఆ నంబరును ముందే కర్నూలులో చుట్టాలందరికీ పంచిపెట్టాడు. నాకంటే ముందే వాళ్ళు చూసేసుంటారు. ఫోను మోగడం మొదలైంది. నాన్నకు ఏం చెప్పాలో తెలియక దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అన్న తలుపు తోసుకొచ్చి, ఫోను లాక్కుని పాట పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఇప్పుడు గూడా పాటేనా అన్నా?”

ఆయన వాల్యూమ్ పెంచాడు. పాట సగమైనా ఒక్క ఫోనూ రాలేదేమిటని తొంగి చూశాను. ఫ్లైట్ మోడ్. పోయినసారి మాతో చదివే మహేష్ పరీక్ష తప్పినప్పుడూ అన్న ఇలాగే దూరితే, పిచ్చి ముదిరిందని మేం నవ్వుకున్నాం. మా తరానికి దొరికే స్వేచ్ఛ ఒక్క పాటంత. అదైనా ఎవడో ఒకడు ఫోను లాక్కుంటేనే. ఏం బతుకులో మావి. అయినా ఆ కాసేపూ ఎవరికీ జవాబు చెప్పకుండా హాయిగా ఏడ్చాను.

పాట అయిపోయాక ఫ్లైట్ మోడ్ తీసేశాడు. వెంటనే నాన్న. అన్నే ఎత్తాడు.

“నమస్కారమండీ, నేను పక్క గదిలో ఉంటాను. విష్ణు భోజనం చేస్తున్నాడండి. తినగానే ఫోను చేయిస్తాను.”

నిజానికి నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అన్న ఫోను నా చేతిలో పెట్టి, చెప్పులు నా ముందుకు తోశాడు.

“పదరా. పెద్దాయనతో అబద్ధమాడేశాను. ధాబాలో రాజ్మా అయిపోకముందే దాన్ని నిజం చెయ్యాలి.”