మంద్ర గొంతుకు జపాన్ పాట

గొంతు ఆపరేషన్ అయ్యాక మా మేనేజర్ ఆఫీసుకి తిరిగొచ్చిన రోజు, ఆయన తలుపు అవతలి నుంచి మాట్లాడుతుంటే ఎవరో కొత్త మనిషి వచ్చారనుకున్నాను. అంతకుముందు ఆయనది సన్నటి గొంతు. థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు ఏదో నరం కమిలిందట. మాట తిరిగొచ్చింది కానీ నాలుగు మెట్లు కిందికి దిగి వచ్చింది. పైకి వెళ్ళబోతే చిరిగిపోయేది. ఆయన జపాన్‌లో పుట్టారు. కాలిఫోర్నియా వచ్చి పాతికేళ్ళు. అరవైకి దగ్గర్లో ఉన్నారు. పని తప్ప ఇంకో విషయం మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అలాంటి ఆయన ఒక గురువారం నా డెస్క్ దగ్గరికి వచ్చి, పాడతారా అని అడిగారు. పాడనన్నాను. మీటింగుల్లో అందరికంటే కింద వినపడేది మీ గొంతే, ఒక శనివారం నాతో రాగలరా అన్నారు. అక్టోబరులో వాళ్ళమ్మాయి పెళ్ళి, లాస్ ఏంజెలెస్‌లో. విందులో నాన్న పాడాలని ఆ అమ్మాయి కోరిందట. ఒకప్పుడు కరోకేలో ఆయన పాడిన పాటలన్నీ ఇప్పుడు ఆయనకి అందనంత ఎత్తులో ఉన్నాయి. లోతు గొంతు మగవాడు ఏ పాటలు ఎంచుకోవాలో తనకి తెలియదని, పుట్టినప్పటి నుంచీ ఆ గొంతుతో బతుకుతున్న వాడికైతే తెలుస్తుందని ఆయన నమ్మకం.

కాదనడం ఎలాగో నాకు తెలియలేదు. ఆ నెల ఆఫీసులో లేఆఫ్‌ల గుసగుసలు నడుస్తున్నాయి. నాది హెచ్‌వన్ వీసా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది అరవై రోజులు. కాలిఫోర్నియాలోనే ఉన్న డబ్లిన్‌లో నాతో అపార్ట్‌మెంట్ పంచుకునే వరంగల్ మిత్రుడికి చెబితే నవ్వాడు.

“పో రా, మంచిగ పాడు. లిస్టుల నీ పేరుంటే తీసేస్తడేమో.”

వాడు సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుని, శనివారం కార్ డ్రైవ్ చేస్తున్నంత సేపూ కదులుతూనే ఉంది.

శాన్ హోజేలో ఒక నూడుల్స్ హోటల్ పక్కన, చిన్న చిన్న గదులుగా కట్టిన కరోకే షాపు. మధ్యాహ్నం రెండు గంటలకి మేమిద్దరమే. గదిలో ఒక సోఫా, ఒక టీవీ, రెండు మైకులు, పాటలు వెతుక్కునే పలక. ఆ పలక మీద శ్రుతి పెంచే, తగ్గించే గుర్తులుంటాయి. ఆయన తన పాత పాట పెట్టుకుని లేచి నిలబడ్డారు. పల్లవి మధ్యలోనే గొంతు తెగింది. శ్రుతి మూడు మెట్లు తగ్గించాం, తర్వాత ఐదు. పై స్వరం అందింది. అయితే పాట మొదలే గొంతు అడుగున ఎక్కడో కూరుకుపోయి, మాటలు గొణుగుడైపోయాయి. పైన పట్టుకుంటే కింద జారిపోతోంది. శ్రుతి తగ్గించినంత మాత్రాన పాట మన గొంతుకి సరిపోదని ఆ రోజే తెలిసింది. పాట ఎంత ఎత్తుకి వెళ్తుందో చూస్తే చాలదు, ఎక్కడ మొదలవుతుందో కూడా చూడాలి.

రెండో శనివారం ఆయన నాన్నగారి తరం పాటలు తీశాం. అవి లోతు గొంతుల కోసమే కట్టినట్టున్నాయి. ఆయన గొంతు వాటిలో హాయిగా కూర్చుంది. ఇక పని అయిపోయిందనుకుని నేను బండి తాళాలు జేబులోంచి తీశాను కూడా. ఆయన ఒక్కొక్క పాటా అర్థం చెప్పి పక్కన పెట్టేశారు. ఒకదాంట్లో ఓడ రేవు వదిలి వెళ్తుంది, ఒకదాంట్లో ప్రియురాలు వానలో వెనకే మిగిలిపోతుంది, ఇంకోదాంట్లో దారం తెగుతుంది. పెళ్ళిలో తెగిపోవడం, విడిపోవడం అన్న మాటలు రాకూడదట. మన ఇళ్ళల్లోనూ శుభకార్యానికి కొన్ని మాటలు నోట రానివ్వరు కదా, వెంటనే అర్థమైంది.

ఆ గదిలో నాకు కుదురుండేది కాదు. ఆయన పాడుతుంటే నేను ఫోన్‌లో ఆఫీస్ మెయిల్ తెరిచి మూసేవాణ్ణి. మా టీమ్ గురించి ఏమైనా వచ్చిందా అని చాట్‌లు తిరగేసేవాణ్ణి. మోకాలు దానంతటదే ఊగేది. ఒకసారి ఆయన పాట ఆపి, కాలు తాళం తప్పుతోందని మెల్లగా అన్నారు. సిగ్గేసి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలకి మళ్ళీ ఊగడం మొదలైంది.

మూడో శనివారం ఆయన మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళినప్పుడు, ఊరికే ఉండలేక పలక మీద ఏదో పాట నొక్కాను. ఎవరో గాయని పాట. మాటలు రాకపోయినా రాగం వెంట కూనిరాగం తీశాను. ఆమె పాడే స్థాయికి సరిగ్గా ఒక స్థాయి కింద, మంద్రంలో. శ్రుతి ముట్టుకోనేలేదు. పైనా ఇబ్బంది లేదు, కిందా లేదు. మా గొంతులకి మగవాళ్ళ పాటలు ఎత్తైపోతాయి, ఆడవాళ్ళ పాటలు ఒక స్థాయి దింపితే సరిగ్గా వచ్చి ఒళ్ళో పడతాయి. ఇంత తేలిక సంగతి రెండు వారాలుగా ఎందుకు తట్టలేదా అని నాలో నేనే నవ్వుకుంటూ తల తిప్పితే, ఆయన తలుపు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఇది వద్దు. వేరేది చూడండి,” అన్నారు.

నేను వదల్లేదు. సరిగ్గా సరిపోయింది కదా, ఆడవాళ్ళ పాటని వద్దంటున్నారా అని అడిగాను. అది కాదన్నారు. మగవాళ్ళు ఆడవాళ్ళ మాటలతో పాడటం వాళ్ళలో మామూలేనట. చాలాసేపటికి అసలు సంగతి చెప్పారు. ఆ పాట ఆయన భార్య పాడేది. విడాకులై తొమ్మిదేళ్ళు. ఆమె జపాన్ వెళ్ళిపోయింది. పెళ్ళికి వస్తోంది. ఆ మాట విన్నాక మైకుల తీగలు చుట్టాను.

వారం గడిచాక మళ్ళీ వచ్చి, ఆయనే ఆ పాట పెట్టారు. గాయని గొంతు వింటూ పాడితే తన గొంతు పైకి పరుగెడుతోందని, నన్ను కింది స్థాయిలో పాడి రికార్డ్ చేసిమ్మన్నారు. ఆయన ఒక్కో పంక్తి చెబితే నేను తెలుగు లిపిలో రాసుకున్నాను. జపనీస్ మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి కాబట్టి మన అక్షరాల్లో ఇట్టే ఇమిడిపోయాయి. పొద్దున్నే లేచి ఎదుటివాళ్ళ కోసం కిటికీ తెరిచే మనిషి పాట అది. అర్థం పూర్తిగా తెలియకుండానే మూడుసార్లు పాడాను. పాడుతున్నంతసేపూ నా కాలు ఊగలేదు. అది ఇంటికొచ్చాక గుర్తించాను.

ఐదో శనివారం ఆయన మొదటి పంక్తి అందుకుని ఆపేశారు. మళ్ళీ అందుకున్నారు, మళ్ళీ ఆగారు. మైకు సోఫా మీద పెట్టారు.

“సోమవారం మీకు ఒక మెయిల్ వస్తుంది,” అన్నారు. “లిస్ట్‌లో మీ పేరుంది.”

టీవీ మీద అక్షరాలు రంగు మారుతూ పోతూనే ఉన్నాయి.

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“రెండు వారాలైంది. నేను చెప్పకూడదు. చెప్పకుండా పాడలేకపోతున్నాను.”

రెండు వారాలంటే, నా చేత ఆ పాట పాడించుకున్న రోజుకే ఆయనకి తెలుసు. లేచి వచ్చేశాను. హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి, ఎక్కడో తిరిగి తిరిగి ఇల్లు చేరాను. మిత్రుడు నా మొహం చూసి ఈసారి జోక్ వెయ్యలేదు. లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు.

“రెజ్యూమె తియ్. సోమవారం దాంక ఎందుకు, ఇయ్యాల్నే అప్లై చేద్దాం.”

తర్వాత రెండు నెలలు ఎలా గడిచాయో వివరంగా గుర్తులేదు. తింటున్నప్పుడు ఫోన్ మోగితే ముద్ద చేతిలోనే ఉండేది. రోజుకి రెండుసార్లు అపార్ట్‌మెంట్ల చుట్టూ నడిచేవాణ్ణి. చివరికి యూనివర్సిటీలో మా సీనియర్ ఒకాయన ద్వారా న్యూ జెర్సీలో, పిస్కాటవే దగ్గర ఉద్యోగం దొరికే అవకాశం వచ్చింది. వాళ్ళు పాత మేనేజర్ నంబరు అడిగారు. ఇవ్వాలని లేదు, ఇవ్వక తప్పలేదు. ఆయన గొంతు నొప్పితో ఆగి ఆగి అరగంట మాట్లాడారని హెచ్ఆర్ ఆవిడ తర్వాత చెప్పింది. యాభై మూడో రోజున కొత్త కంపెనీ నా వీసా కాగితాలు ఫైల్ చేసింది.

అక్టోబరు చివర్లో, కొత్త ఆఫీసు పార్కింగ్‌లో కార్ దిగబోతుంటే ఆయన నుంచి ఒక వీడియో వచ్చింది. నల్ల సూటులో నిలబడి ఉన్నారు. ఆ పాటే, కింది స్థాయిలో. ఎక్కడా చిరగలేదు. రెండో పంక్తి దగ్గర వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. అర్థం తెలియక నేను మాట మధ్యలో విరిచి ఊపిరి తీసుకున్న చోటే, ఆయనా విరిచి ఊపిరి తీసుకున్నారు. ఆ భాషలో పుట్టిన మనిషి అక్కడ ఊపిరి తియ్యడు. నా రికార్డింగ్‌ని ఎన్నిసార్లు విని ఉంటే ఆ తప్పు ఆయనకి అలవాటై ఉంటుంది!

ఫోన్ చేశాను. పాట బాగుందన్నాను. వీసా సంగతి అడిగారు, చెప్పాను. పెళ్ళికూతురి అమ్మ ఏమందని అడిగితే, ఏమీ అనలేదని, తన కేక్ ముక్క మాత్రం పూర్తిగా తిన్నదని అన్నారు. అప్పుడు అడిగేశాను.

“రెండు వారాల ముందే నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీరు రావడం మానేస్తారని,” అన్నారు ఆయన.

ఆయన తప్పించుకోకుండా చెప్పినందుకు కోపం తగ్గాలి. తగ్గిందో లేదో నాకు తెలియలేదు. మీటింగ్ ఉందని చెప్పి పెట్టేశాను. మీటింగేమీ లేదు. పార్కింగ్ చుట్టూ రెండుసార్లు నడిచి, అప్పుడు లోపలికి వెళ్ళాను.