రెండేసి అక్షరాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అమీర్‌పేటలో మూడు నెలలు హార్డ్‌వేర్ కోర్సు చేసి, జిరాక్స్ నోట్సు కంఠతా పట్టి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో పడుకునే కుర్రాడికి తెలియనిది ఏముంటుంది చెప్పండి? (తెలిసిందేమిటన్నది తర్వాత తేలింది.) పంజగుట్టలో కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణంలో నన్ను ట్రయల్ మీద పెట్టుకున్నారు. ఉంచుకునేదీ లేనిదీ నెలాఖరుకి తేలాలి. "సోమాజిగూడలో ల్యాబు పనొకటుంది. అది చక్కబెట్టుకొస్తే నువ్వు మనవాడివి. లేదంటే చూద్దాంలే," అన్నారు ఓనరు గారు. ఆ 'చూద్దాంలే'కి అర్థం మా హాస్టల్లో అందరికీ తెలుసు.

ల్యాబులో రక్తపరీక్షల మిషన్ నుంచి కంప్యూటర్‌కి రిపోర్టులు రావడం లేదు. ల్యాబు మేడమ్ పొద్దుటి నుంచి అన్నీ చేత్తో రాస్తూ, "తప్పు మిషన్‌దా, కంప్యూటర్‌దా? ఆ ఒక్కటీ చెప్పు బాబూ," అన్నారు. అదెంత పని! కంప్యూటర్ వెనక మిషన్ తీగ తగిలించే సీరియల్ పోర్టులో తొమ్మిది పిన్నులుంటాయి. ఒకటి అక్షరాన్ని బయటికి పంపేది, ఇంకొకటి లోపలికి తీసుకునేది. ఆ రెండింటినీ చిన్న తీగముక్కతో కలిపి టైపు చేస్తే, వెళ్ళిన అక్షరం తిరిగొచ్చి తెరమీద కనబడుతుంది. కనబడితే పోర్టు మంచిదన్నమాట. నోట్సులో ఉన్నట్టే తీగ కలిపాను, నోట్సులో ఉన్నట్టే 'లోకల్ ఎకో' అన్నచోట టిక్కు పెట్టాను, ఇంగ్లీషులో మా తెనాలి పేరు కొట్టాను. చక్కగా కనబడింది. నమ్మకం కోసం రిసెప్షన్‌లోని రెండో కంప్యూటర్ మీద కూడా అలాగే చేశాను. అక్కడ ప్రతి అక్షరమూ రెండేసిసార్లు వచ్చింది!

నా బుర్ర తిరిగిపోయింది. చెడిపోయిందన్న కంప్యూటర్ బుద్ధిగా ఉంది, బాగున్నదేమో ఒకటికి రెండు చెబుతోంది. కాసేపు గడ్డం గీరుకుని, "మేడమ్, మీ మిషన్ పోయింది. రిసెప్షన్ కంప్యూటర్ కూడా పోయింది," అని తేల్చేశాను.

"నువ్వు రాకముందు ఒక్కటే పోయింది కదా బాబూ!" అంటూ ఆవిడ మిషన్ కంపెనీకి ఫోన్ చెయ్యడానికి నంబరు వెతకసాగారు. కంపెనీవాళ్ళొచ్చి మిషన్ బాగానే ఉందంటే నా ఉద్యోగం అంతే. మా దుకాణంలో సీనియర్, బోరబండ నుంచి వచ్చే టెస్టరన్నకి ఫోన్ కొట్టాను. (జేబులో టెస్టర్ లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు.) పావుగంటలో వచ్చి మిషన్ దగ్గరి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు.

"తమ్మీ, జర గా తీగ తీసెయ్. ఇప్పుడు కొట్టు."

తీసి కొట్టాను. అక్షరాలు వచ్చాయి.

"చూశావా అన్నా! ఎంత మంచి పోర్టంటే, తీగ లేకపోయినా పనిచేస్తోంది!"

అన్న తెరమీది టిక్కు మీద వేలు పెట్టాడు. "గా టిక్కు ఎవలు పెట్టమన్నరు?"

"నోట్సులో ఉందన్నా."

"గది పెడితే నువ్వు కొట్టింది కంప్యూటరే నీకు సూపెడ్తది. పోర్టు సచ్చినా సూపెడ్తది. మీ ఇన్‌స్టిట్యూట్ల పోర్టులు పనిచేస్తుండెనా?"

ఒక్కటీ పనిచేసేది కాదు. తెర ఖాళీగా ఉంటే పిల్లలు గొడవ చేస్తారని మా సారు ఆ టిక్కు పెట్టించేవాడు. అదే నోట్సులోకెక్కింది, అక్కడి నుంచి నా తలకెక్కింది. టిక్కు తీసేసి, తీగ పెట్టి మళ్ళీ కొడితే మిషన్ దగ్గరి కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. రిసెప్షన్‌ది ఒక్కో అక్షరమే చూపించింది. ఇందాకటి రెండో అక్షరం టిక్కు పుణ్యమే.

అన్న కొత్త పోర్టు కార్డు వేశాక రిపోర్టులు రావడం మొదలైంది. అక్కడి నుంచే ఓనరు గారికి ఫోన్ చేశాడు: "పోర్టే పోయింది సార్. పిలగాడే పట్టిండు. నేను కార్డు తెచ్చిచ్చిన, గంతే." నిజం చెబుదామని నోరు తెరిచాను. నెలాఖరు గుర్తొచ్చి మూసుకున్నాను.

ఉద్యోగం నిలిచింది, నిద్రే సరిగ్గా ఉండేది కాదు. మూడేళ్ళ తర్వాత ధైర్యం చేసి ఓనరు గారితో అసలు సంగతి చెప్పేశాను.

"తెలుసయ్యా. ఆ సాయంత్రమే మేడమ్ ఫోన్ చేసి అంతా చెప్పి ఒకటే నవ్వు. అనుమానం రాగానే పెద్దవాణ్ణి పిలిచావుగా, అందుకే ఉంచాను," అన్నారాయన.

మూడేళ్ళపాటు ఎవరికీ తెలియదనుకుని ఆ రహస్యాన్ని మోసి, అన్న ఎదురుపడినప్పుడల్లా టీ ఇప్పించిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.