ఎవరి నంబరు వారికే

చెవి మిషన్లకు అచ్చులు పోసే ఆ చిన్న కార్ఖానాలో ప్రోగ్రాములు రాసే ఆవిడను అందరూ పిన్ని అనే పిలుస్తారు. రోజూ కంప్యూటర్ తెరిచే ముందు కళ్లు మూసుకుని, "స్వామీ, నా చేతుల మీదుగా ఎవరికీ నొప్పి కలగనీయకు" అనుకుంటుంది. అచ్చులు పోసే పెద్దాయన అప్పుడు పలకరించడు. టీ చల్లారకుండా కప్పు మీద సాసరు మూసి వెళ్లిపోతాడు.

వినబడని పిల్లల బడి నుంచి వచ్చిన వివరాలు కంప్యూటర్లో తరగతుల వారీగా ఉండేవి. తరగతి లోపల ఒక్కో బిడ్డ నంబరు, దాని కింద ఆ బిడ్డ చెవి కొలతలు. ఆ నంబరే కీ, అంటే ఏ కొలతలు ఏ బిడ్డవో చెప్పే గుర్తు. ఏ రోజు ఎవరికివ్వాలో ఆ వరసలో కావాలని పెద్దాయన అడిగితే, పిన్ని తరగతులు విప్పి అన్నీ రోజుల కింద సర్దింది. కొలతలన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయని మురిసిపోయింది. నంబర్ల సంగతి చూసుకోలేదు.

ఆ రోజు ముందుగా స్టూలెక్కింది మూడో నంబరు పాప. మూడు అని చీటీ ఉన్న డబ్బాలోని అచ్చు ఆ చెవిలో దూరనే లేదు. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెంట వచ్చిన టీచరమ్మ కంగారుపడింది. "ఈ పూట కాకపోతే మళ్లీ పై నెలే తేగలనండీ. అన్నాళ్లూ పాపకి ఏమీ వినబడదు."

పెద్దాయన డబ్బాలు తిరగేసి తల గోక్కున్నాడు. "ఇదిగో పిన్నీ, ఈ సున్నా నంబరు బిడ్డెవరు? మన బడిలో సున్నాలెవరూ లేరే!"

పిన్ని గబగబా తెర మీద వరస చూసింది. సర్దేటప్పుడు ప్రోగ్రాం పిల్లల నంబర్లు వదిలేసి, ఒక్కో రోజుకీ సున్నా నుంచి కొత్తవి వేసుకుంది!

"నాదే పొరపాటు, బాబాయ్. బిడ్డల్ని మోసుకొచ్చి పేర్లు అక్కడే వదిలేశాను."

"ఏడుపు తర్వాత, ముందు సరిచెయ్యమ్మా. పాత వరస ఉందిగా?"

ఉంది. కొలతలతో పాటు కీ కూడా వెంట తెచ్చేలా పిన్ని ప్రోగ్రాం మార్చింది. కొత్త చీటీలు వచ్చాయి. సున్నా డబ్బాలోదే పాప అచ్చు!

ఈసారి అది మెత్తగా ఇమిడిపోయింది. పెద్దాయన మిషన్ తగిలించాడు. మిగతా చీటీల కోసం పిన్ని మళ్లీ టైపు చేస్తుంటే పాప చటుక్కున తల తిప్పింది.

"టకటకలాడిస్తోంది నువ్వేనా?"

"నేనేనమ్మా. గోలగా ఉందా?"

"ఊహూఁ. ఇంకా చెయ్యి."

పిన్ని చీటీల పని కాసేపు పక్కన పెట్టి, అర్థంపర్థం లేని అక్షరాలు తెర నిండా కొడుతూ కూర్చుంది.