సుద్ద గుర్తు లేని కాలర్లు

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో కాలర్లు చూసే బల్ల దగ్గర పెద్దక్క ముప్పై ఏళ్లుగా కూర్చుంటోంది. మొనలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. బొటనవేలితో అంచు ఒక్కసారి తడిమితే చాలు, కుట్టు ఎక్కడ పక్కకు జరిగిందో దొరికిపోతుంది.

"అక్క కంట్లో కాస్త దుమ్ము పడితే బాగుండు, ఇవాళైనా గట్టెక్కుతాం" అని మెషిన్ల మీది ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. పైకి కసిరినా ఆ మాట ఆమెకు ఇష్టమే. ఇంకెందులోనూ ఆమెను ఎవరూ మెచ్చుకున్నది లేదు. ఉన్న గొప్పంతా ఆ కన్నే. ఇప్పుడా కన్నూ అలసిపోయింది, నడుము సరేసరి. వచ్చే ఏడాదికి మానేద్దామని నాలుగేళ్లుగా అనుకుంటోంది.

కుట్టినవాళ్లు కాలరు లోపలివైపు సుద్దతో తమ గుర్తు వేస్తారు. పెద్దక్క సొంత చెల్లెలిది గీత. కొత్తామెది సున్నా. కొత్తామె అనడమే గానీ ఆమె వచ్చి పదకొండేళ్లు. మూతపడ్డ వేరే షెడ్డు నుంచి వచ్చింది గనుక ఆ పేరు అలా అంటుకుపోయింది. సున్నా గుర్తు కాలర్లలో సగం వెనక్కి వెళ్లడం అందరికీ మామూలే. "ఆ షెడ్డు చెయ్యి ఇంకా పోలేదమ్మా నీకు" అనేది పెద్దక్క. కొత్తామె విప్పి మళ్లీ కుట్టుకునేది.

ఆ వారం మేనేజరు వచ్చి, నమూనా చొక్కాలు కుట్టే బల్లకు ఒకరు కావాలనీ, ఎవరన్నది శనివారానికి పెద్దక్కనే చెప్పమనీ అన్నాడు. కిటికీ పక్క చోటు. వెనక నిలబడి తరిమేవాళ్లుండరు.

"నా నడుం సంగతి నీకు తెలియంది కాదు. ఇంకెవర్ని చెబుతావులే" అంది చెల్లెలు.

పెద్దక్క మనసులోనూ ఇంకెవరూ లేరు.

శుక్రవారం ఇస్త్రీ ఆయన, పెద్దక్క ఇంకా చూడని కాలర్ల కట్టను ఆమె చూసేసిందనుకుని ఆవిరి పట్టించేశాడు. ఆవిరికి సుద్దంతా ఎగిరిపోయింది.

"ఎవరిదేదో ఎలా తెలుస్తుందయ్యా ఇప్పుడు?" అంది పెద్దక్క.

"కాలరు చూడ్డానికి పేరెందుకమ్మా? నీ కన్నుంది కదా!"

కట్టలోని అరవైలో తప్పున్నవి పదిహేను పక్కన పడేసి, ఎవరివి వాళ్లు తీసుకుపొమ్మంది. కుట్టిన చేతికి తన కుట్టు తెలుస్తుంది. చెల్లెలు ఏరుకుంటూ ఎనిమిది తీసింది. "కళ్లజోడు ఇంట్లో మరిచొచ్చావా ఏంటి?" అని విసుక్కుంది. మిగతావి ఇంకో ముగ్గురివి. కొత్తామె బల్ల మీదంతా వెతికి, ఖాళీ చేతులతో నిలబడింది.

"నావి ఇంకెక్కడైనా పెట్టారా అక్కా?"

మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్లాక పెద్దక్క, నిన్న వెనక్కి కొట్టిన బుట్టలోంచి సున్నా గుర్తువి పదకొండు తీసింది. సుద్ద తుడిచేసి, కళ్లు మూసుకుని తడిమింది. రెండింట్లో తప్పుంది. తొమ్మిదింట్లో ఎంత వెతికినా వేలికి ఏమీ తగల్లేదు.

శనివారం మేనేజరుకు కొత్తామెను చెప్పింది. ఇకనుంచి గుర్తులేవీ వేయకుండా పంపమని కూడా చెప్పింది.

"పరాయిదానికి కట్టబెట్టావు కదూ! అక్కవేనా నువ్వు?" అని చెల్లెలు ముఖం తిప్పుకుంది. పెద్దక్క తన పీట మీది దిండు తీసి చెల్లెలి కుర్చీలో వేయబోతే, ఆమె దాన్ని కాలితో పక్కకు నెట్టేసింది.

సాయంత్రం కొత్తామె దగ్గరకు వెళ్లి, "నీ కుట్టులో ఏ లోపమూ లేదమ్మా. ఇన్నాళ్లూ నేనే సరిగ్గా చూడలేదు" అంది పెద్దక్క.

కొత్తామె సంతోషించలేదు, కోప్పడనూ లేదు. మెషిను మీద గుడ్డ కప్పింది.

"నా చెయ్యే అంత అనుకున్నానక్కా. మా అమ్మాయి కుట్టు నేర్పమంటే కూడా, నాకు రాదులే, ఇంకెవరి దగ్గరైనా నేర్చుకోమన్నాను."

పెద్దక్క అక్కడే ఖాళీ పీట మీద కూలబడింది. దీపాలు ఆర్పడానికి వచ్చిన ఇస్త్రీ ఆయన, "ఇంటికి పోవా అమ్మా?" అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.